స్కీ డైరీ: గుల్‌మర్గ్ మంచు మీద 14 రోజులు, ఆరుగురు కొత్తవాళ్లు

ఆరుగురూ మైదానం మనుషులే. నలుగురు స్కీలకు, ఇద్దరు స్నోబోర్డుకు. పేర్లకు బదులు స్కీ-1 నుంచి స్కీ-4, బోర్డు-1, బోర్డు-2 అని రాసుకున్నాం. కాలం ఫిబ్రవరి మొదటి రెండు వారాలు. కశ్మీరీలు చిల్లై కలాన్ అనే 40 రోజుల గడ్డు చలి (డిసెంబరు 21 నుంచి జనవరి చివరి దాకా) అప్పటికి దాటింది. మంచు మాత్రం మందంగా పేరుకునే ఉంది.

ఏదైనా కుదరకపోతే తప్పు వెతకడానికి ఒక వరుస పెట్టుకున్నాం: ముందు బూటు, తర్వాత వాలు, ఆఖరున మనిషి. నేర్పేవాళ్లలో చాలామంది దీన్ని తిరగేసి, "నువ్వు భయపడుతున్నావు" అనే మాటతో మొదలుపెడతారు. మా పుస్తకంలోకి ఎక్కిన తప్పుల్లో ఎక్కువ భాగం మొదటి రెండింటిలోనే దొరికాయి. దొరకనివీ ఉన్నాయి, అవీ కింద ఉన్నాయి.

పనిముట్లు: కొలతల టేపు, ఫోన్‌లో వాలు కొలిచే యాప్, స్టాప్‌వాచ్, బూటు అడుగు గీకడానికి ప్లాస్టిక్ గీకుడుబద్ద, స్కీ అంచు సానబెట్టడానికి వేలెడంత డైమండ్ రాయి, పెన్సిల్ (చలికి పెన్ను రాయదు), గళ్ల నోటుపుస్తకం.

దశ 0: బయల్దేరక ముందు ఆరు వారాలు

ఇంటి దగ్గర చేయించినవి నాలుగే:

1. గోడకు వీపు ఆనించి, మోకాళ్లు 90 డిగ్రీలు మడిచి కూర్చోవడం. మొదటి వారం ఆరుగురి సగటు 38 సెకన్లు, ఆరో వారం 1 నిమిషం 50 సెకన్లు.
2. మెట్లు దిగడం. ఎక్కడం కాదు, దిగడమే. స్కీయింగ్‌లో తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి, ఆ పని దిగేటప్పుడే జరుగుతుంది. రోజూ 20 అంతస్తులు.
3. కళ్లు మూసుకుని ఒంటికాలిపై 30 సెకన్లు.
4. వారానికి రెండుసార్లు రోలర్ స్కేట్లు. దొరకనివాళ్లు మానేశారు. నెక్లెస్ రోడ్డు మీద స్కేటింగ్ చేసిన స్కీ-1 మంచు మీద మొదటి రెండు రోజులు మిగతావాళ్లకంటే స్పష్టంగా ముందున్నాడు. మూడో రోజుకి ఆ తేడా పోయింది. కాబట్టి ఇది తప్పనిసరేం కాదు.

ఇక్కడ జరిగిన తప్పు: పాదం కొలత అడిగినప్పుడు అందరూ చెప్పుల సైజు పంపారు. స్కీ బూటుకు ఆ అంకె పనికిరాదు. దాని కొలత మోండో, అంటే పాదం పొడవు సెంటీమీటర్లలో. పాదం 26.5 సెం.మీ. ఉంటే బూటు 26.5. చెప్పుల సైజును పట్టికలో చూసి మార్చితే ఆరుగురిలో నలుగురికి ఒక సైజు ఎక్కువ వచ్చింది, ఎందుకంటే మనం చెప్పులు వదులుగానే కొంటాం. మళ్లీ కొలిపించిన పద్ధతి ఇది:

1. సాయంత్రం కొలవాలి, పాదం కాస్త ఉబ్బి ఉంటుంది.
2. మడమ గోడకు ఆనించి, బరువంతా ఆ కాలి మీదే వేసి నిలబడాలి.
3. పొడవైన వేలి ముందు పుస్తకం నిలబెట్టి గీత గీయాలి. బొటనవేలికంటే పక్కవేలు పొడుగున్నవాళ్లు మనలో తక్కువేం కాదు, చూసి గీయండి.
4. రెండు పాదాలూ కొలవాలి. సైజు పెద్ద పాదాన్ని బట్టి.

ఇంకొక సంగతి. 26, 26.5 అని రెండు సైజులున్నా బయటి ప్లాస్టిక్ డొప్ప సాధారణంగా ఒకటే. కాబట్టి అర సైజు కోసం కొట్లో గొడవ పడనక్కర్లేదు.

దశ 1: బూట్లు, బైండింగులు (1వ రోజు, మంచు మీద 0 గంటలు)

శ్రీనగర్ నుంచి టంగ్‌మర్గ్ మీదుగా పైకి సుమారు 50 కిలోమీటర్లు. గుల్‌మర్గ్ ఎత్తు దాదాపు 2,650 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో 72-73 శాతమే. అందుకని మొదటి రోజు స్కీలు తొడిగించలేదు. మంచినీళ్లు, మెల్లగా నడక, బూట్లు, అంతే. ఇద్దరికి తలనొప్పి వచ్చి రాత్రికి తగ్గింది.

అద్దె బూటు సరిపోయిందో లేదో ఇలా చూశాం:

1. లోపలి మెత్తని లైనర్ బయటికి తీసి, ఖాళీ డొప్పలో కాలు పెట్టాలి.
2. వేళ్లు ముందు గోడకు తాకేదాకా జరపాలి.
3. మడమ వెనక ఖాళీలో ఒకటిన్నర వేళ్లు పడితే సరి. మూడు వేళ్లు పడితే బూటు వద్దు, ఎంత హాయిగా ఉన్నా సరే.
4. లైనర్ పెట్టి తొడిగి, మడమను నేలకేసి రెండుసార్లు కొట్టి వెనక్కి చేర్చాలి. చీలమండ మీది బకిల్ ముందు, తర్వాత పైవి, పాదం మీదివి వదులుగా.
5. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తాకాలి, మోకాలు మడిస్తే వెనక్కి రావాలి. రాకపోతే బూటు చిన్నది.

మొదటి విడతలో ఆరు జతల్లో మూడు వెనక్కి పంపాం. మూడింటికీ లోపం ఒకటే, పెద్దవి. కొత్తవాళ్లకు పెద్ద బూటు "సుఖంగా ఉంది" అనిపిస్తుంది. మంచు మీదికెళ్లాక కాలు లోపల జారుతుంది, కాలు చెప్పింది స్కీకి చేరదు. ఆ జారుడు ఆపాలని బకిళ్లు బిగిస్తారు, రక్తం ఆగుతుంది, వేళ్లు మొద్దుబారతాయి. అప్పుడు "చలి తట్టుకోలేకపోతున్నా" అంటారు.

మేజోళ్ల సంగతీ ఇంతే. చలి అని రెండు జతలు వేసుకున్న స్కీ-2 కాళ్లు 40 నిమిషాల్లో చల్లబడ్డాయి. మోకాలి దాకా వచ్చే పల్చటి ఉన్ని మేజోళ్లు ఒకే జతకు మార్చాక మూడు గంటలు బాగానే ఉంది. బూటులోకి మేజోడు తప్ప ఇంకేమీ వెళ్లకూడదు. లోపలి థర్మల్ ప్యాంటు అంచు బూటు పైనే ఆగాలి. లోపలికి దోపితే ఆ మడత సాయంత్రానికి కాలి ముందు ఎముక మీద తాడు కట్టినట్టు గీత వేస్తుంది.

బైండింగ్ అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు. పడ్డప్పుడు అది బూటును వదిలేసే బిగువును డిన్ అంకె చెబుతుంది. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీ చేసే తీరు, ఈ ఐదూ చూసి పట్టిక ప్రకారం పెడతారు. అడుగు పొడవు బూటు మడమ పక్కన మిల్లీమీటర్లలో అచ్చుపోసి ఉంటుంది.

స్కీ-3 లెక్క చూడండి. బరువు 72 కిలోలు, పట్టికలో 67-78 వరుస. ఎత్తు 164 సెం.మీ., అది 158-166 వరుస. రెండూ వేరైతే తక్కువ వరుసే తీసుకోవాలి. వయసు 52, యాభై దాటితే ఇంకో వరుస కిందికి. అడుగు 315 మి.మీ. ఇవన్నీ కలిపితే అంకె 4 లోపే ఉండాలి. చేతికిచ్చిన స్కీ మీద 7 ఉంది. అంతకుముందు వాడిన బరువైన మనిషిది, ఎవరూ తిప్పలేదు. ఆ బిగువుతో మెల్లగా మెలితిరిగి పడితే బైండింగ్ వదలదు, మోకాలి లిగమెంటు వదులుతుంది.

అంకె తిప్పే పని మెకానిక్‌దే, స్క్రూడ్రైవర్ మీరు పట్టకండి. కానీ బైండింగ్ మీది చిన్న విండోలో అంకె చదవడం, నిజమైన బరువు చెప్పడం మీ పని. బరువు విషయంలో మొహమాటపడి ఐదు కిలోలు తగ్గించి చెబితే స్కీ ఊరికే ఊడుతుంది, గొప్పకు పెంచి చెబితే ఊడాల్సినప్పుడు ఊడదు.

స్కీని నిలబెడితే కొన గడ్డానికీ ముక్కుకూ మధ్యకు రావాలి. పోల్ (చేతికర్ర) తిరగేసి, కొన దగ్గరి చక్రం కింద పట్టుకుంటే మోచేయి 90 డిగ్రీలు ఉండాలి. 170 సెం.మీ. మనిషికి 120 సెం.మీ. పోల్ సరిపోయింది.

దశ 2: చదును నేల (2వ రోజు, 3 గంటలు, మొత్తం 3)

వరుస: బూట్లతో నడక 15 నిమిషాలు, ఒక కాలికే స్కీ తొడిగి పిల్లల స్కూటర్ తోసినట్టు 20 నిమిషాలు, కాలు మార్చి మరో 20, ఆ తర్వాతే రెండూ.

ఒంటి స్కీ మీద గడిపే ఈ 40 నిమిషాలు చాలామందికి విసుగు. స్కీ-4 పావుగంటలో వదిలేస్తానన్నాడు, వదిలేయనిచ్చాం. అది పొరపాటు. జారే కాలి మీద నిండుగా బరువు మోపడం అక్కడే అలవాటవుతుంది. ఎనిమిదో రోజు మలుపుల దగ్గర దీని వడ్డీ కట్టాల్సొచ్చింది.

పడి లేవడం విడిగా నేర్పాలి:

1. వెల్లకిలా తిరిగి కాళ్లెత్తి, రెండు స్కీలనూ వాలుకి దిగువ వైపు తేవాలి.
2. వాలుకి సరిగ్గా అడ్డంగా పెట్టాలి. కొన కిందికి చూస్తే లేస్తూనే జారిపోతారు.
3. మోకాళ్లు ఛాతీకి దగ్గరగా లాక్కుని, పిరుదులను స్కీల మీదికి తెచ్చి, ఎగువ చేత్తో మంచును నొక్కి లేవాలి.
4. మూడుసార్లలో లేవలేకపోతే ఎగువ స్కీ విప్పి లేవండి. బలం అయిపోయేదాకా కొట్టుకోవడం దండగ.

మళ్లీ తొడిగే ముందు బూటు అడుగున అంటిన మంచు గీకాలి. పొర మిగిలితే క్లిక్ మన్నట్టే ఉంటుంది, పది అడుగులకు ఊడుతుంది. ఆ రోజు ఊడినవి 11, గీకుడుబద్ద అందరి జేబులోకి వచ్చాక 2.

దశ 3: ఆగడం (3, 4 రోజులు, 8 గంటలు, మొత్తం 11)

మొదటి గంట పూర్తిగా వృథా. ఎంచుకున్న వాలు ఫోన్‌లో 8 డిగ్రీలు, దాని కింద చదును నేల 5 మీటర్లే. కంటికి అది వాలులా కూడా కనపడదు. అయినా నలుగురూ బిగుసుకుపోయి వెనక్కి వాలారు. పోల్‌ను మంచు మీద వాలు వెంట పడుకోబెట్టి, దాని మీద ఫోన్ పెట్టి కొలిస్తే నిజం తెలుస్తుంది.

మార్పు: 4 డిగ్రీల వాలు, 20 మీటర్ల పొడవు, కింద 25 మీటర్ల చదును, ఆ చదును చివర కొద్దిగా ఎదురెక్కుడు. మనిషి ఏమీ చేయకపోయినా ఆగిపోయే చోటు. పది నిమిషాల్లో భుజాలు దిగాయి, ఊపిరి సాగింది. ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

ఆగడానికి వాడే స్నోప్లౌ భంగిమ అంటే స్కీల ముందు కొనలు దగ్గర, వెనక తోకలు దూరం. బయటి దేశాల్లో పిల్లలకి పిజ్జా ముక్క అని చెబుతారు, మనకు పెంకుటింటి కప్పు చాలు. కొనల మధ్య పిడికిలి పట్టేంత ఎడం ఉండాలి. ఒకదానిమీదొకటి ఎక్కితే పడటం ఖాయం.

ఎక్కడ చెడింది:

స్కీ-2, స్కీ-4 మోకాళ్లు లోపలికి నొక్కి కప్పు వేస్తున్నారు. అంచులు మంచులో గుచ్చుకుంటాయి, స్కీలు దగ్గరకు పరిగెత్తుతాయి, వేగం తగ్గదు. మోకాళ్లను వదిలేసి, మడమలతో మంచును రెండు పక్కలకూ ఊడ్చమన్నాం, కల్లాపి చల్లిన వాకిలి చీపురుతో ఊడ్చినట్టు. ఊడుస్తున్న చప్పుడు వినపడాలి. వినపడకపోతే స్కీ గుచ్చుకుంటోందని లెక్క.

రెండోది భాష చిక్కు. అక్కడి శిక్షకులు హిందీ, ఉర్దూల్లో "ఆగే ఝుకో" అంటారు. హిందీ అంతగా రాని బోర్డు-2 అందులో "ఆగు" విని నిలబడిపోయింది. నవ్వుకున్నా, అసలు నష్టం హిందీ వచ్చినవాళ్లకే జరిగింది. ముందుకు వంగమన్నారని నడుము వంచారు. నడుము వంగితే పిరుదులు వెనక్కి పోతాయి, బరువు మడమల మీద పడుతుంది, స్కీ ముందుభాగం గాల్లో తేలుతుంది. ఇక అది ఎటూ తిరగదు, ఆగదు. వంగాల్సింది చీలమండ దగ్గర. మాట మార్చి "కాలి ముందు ఎముకతో బూటు నాలుకను నొక్కి పట్టు" అన్నాం. బూటుకీ కాలికీ మధ్య చాక్లెట్ కాగితం పెట్టి, కిందికి చేరేదాకా అది జారిపోకూడదన్నాం. కాగితం అన్ని మాటలకన్నా బాగా పనిచేసింది.

10 ప్రయత్నాల్లో గీత దాటకుండా ఆగినవి (స్కీ-1, 2, 3, 4 వరుసలో):
3వ రోజు, 4 డిగ్రీలు: 3, 1, 4, 0. మొత్తం 40కి 8.
4వ రోజు, 4 డిగ్రీలు: 6, 5, 8, 3. మొత్తం 40కి 22.

యాభై రెండేళ్ల మనిషి ముందుండటం కొందరిని ఆశ్చర్యపరిచింది. ఆయన తొందరపడలేదు, అంతకుమించి రహస్యమేం లేదు.

దశ 4: తాజా మంచు (5వ రోజు, 2.5 గంటలు, మొత్తం 13.5)

రాత్రి 35 సెం.మీ. పడింది. అనుభవం ఉన్నవాళ్లకు పండగ, కొత్తవాళ్లకు వృథా దినం. మెత్తటి లోతు మంచులో స్నోప్లౌ పనిచేయదు. రెండు స్కీలూ మంచును తమ ముందు పోగేసి చెరోవైపు ఇరుక్కుంటాయి, మోకాలు మధ్యలో మెలికపడుతుంది. మొదటి 20 నిమిషాల్లో రెండుసార్లు అలా జరగ్గానే ఆపేశాం.

వాలును మేమే తొక్కి గట్టిపరిచాం. నలుగురూ పక్కపక్కన, స్కీలు వాలుకి అడ్డంగా, అడుగులో అడుగేస్తూ పైకి. ఒకసారి పైకి, ఒకసారి కిందికి. 30 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పుకి 50 నిమిషాలు పట్టింది. ఆ పక్క అడుగులే ఎగువ అంచును పట్టించే అభ్యాసం. తొక్కాక 20 నిమిషాలు వదిలేస్తే మంచు గట్టిపడి ఇంకా బాగుంటుంది.

ఇంత మంచు పడ్డప్పుడు పైనున్న అఫర్వత్ కొండ వాలుల వైపు కొత్తవాళ్లు చూడనే కూడదు. గండోలా (కేబుల్ కారు) రెండో దశ సుమారు 3,950 మీటర్లకు తీసుకెళ్తుంది. అక్కడ చదునుచేసిన దారులు కావు, మంచు చరియలు విరిగిపడే కొండ. స్కీ గస్తీ (పెట్రోల్) వాళ్లు తెరిస్తేనే, బీకన్ (మంచులో కూరుకున్నవాళ్ల జాడ చెప్పే రేడియో పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) వాడటం వచ్చిన మనుషులతోనే వెళ్లాలి.

దశ 5: లాగుడు లిఫ్టు (6వ రోజు, 4 గంటలు, మొత్తం 17.5)

కాళ్ల మధ్య పళ్లెం పెట్టుకుని నిలబడితే పైకి లాగే లిఫ్టు ఇది. మొదటి పదిసార్లలో ఆరుసార్లు పడ్డారు. కారణం ఒక్కటే, పళ్లెం చూడగానే కూర్చున్నారు. అది కుర్చీ కాదు. కూర్చుంటే తాడు సాగి నేలమీద పడేస్తుంది.

1. స్కీలు సమాంతరంగా, లిఫ్టు దారిలో సూటిగా.
2. రెండు పోల్స్ ఒక చేతిలో, పట్టీలు మణికట్టు నుంచి తీసేసి.
3. పళ్లెం తొడల వెనక్కి. మోకాళ్లు కొద్దిగా సడలించి నిలబడి, లాగనివ్వాలి.
4. మొదటి కుదుపు బలంగా ఉంటుంది, దానికి సిద్ధంగా ఉండాలి.
5. దారిలో పడితే వదిలేసి వెంటనే పక్కకు దొర్లాలి. పట్టుకు వేలాడొద్దు, వెనక ఇంకొకరు వస్తున్నారు.

ఈ సూచనలతో తర్వాతి 20లో పడ్డవి 3. లిఫ్టు వచ్చాక రోజుకు దిగే సంఖ్య 12 నుంచి 31కి పెరిగింది. నేర్చుకునే వేగం పెరిగిందా అంటే, పెరగలేదు. 25 దాటాక పడటాలు రెట్టింపయ్యాయి, ఆఖరి గంటలోనే ఎక్కువ. ఆ తర్వాత నుంచి 22కి కట్టడి చేశాం. "ఇంకొక్కసారి" అన్నప్పుడు ఆపేయాలి.

ఆగడం, 6 డిగ్రీల వాలు: 9, 8, 10, 6. మొత్తం 40కి 33.

గుల్‌మర్గ్ కొత్తవాళ్ల మైదానంలో స్లెడ్జ్ బళ్లు లాగేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు అడ్డంగా నడుస్తూనే ఉంటారు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య ప్రవర్తనా నియమాలు పదింటిలో మూడోది కొత్తవాళ్లకు బట్టీ రావాలి: ఎగువ నుంచి వచ్చేవాడే దిగువ ఉన్నవాడికి దారివ్వాలి. పక్కకు తప్పుకోమని అరవడం నియమం కాదు, ఆగడం నియమం.

7వ రోజు సెలవు. లైనర్లు ఆరబెట్టడం: బూటులోంచి పూర్తిగా తీసి, బుఖారీ పొయ్యికి కనీసం ఒకటిన్నర మీటరు దూరంలో. ఒకరు పొయ్యికి ఆనించి పెట్టారు, పొద్దున బొటనవేలి దగ్గర నురగ ముడుచుకుపోయి ఉంది. ఆ లైనర్ డబ్బు కట్టాల్సొచ్చింది.

దశ 6: బోర్డు విడిగా

స్నోబోర్డు మొదటి మూడు రోజులు స్కీకన్నా కష్టం, ఆ తర్వాత సులువు. నేర్చుకునేవాళ్లకు ఇది ముందే చెప్పాలి, లేకపోతే రెండో రోజే స్కీలకు మారిపోతామంటారు.

మొదటి రోజు పడ్డవి: బోర్డు-1 27, బోర్డు-2 34. మణికట్టు కవచాలు, మోకాలి ప్యాడ్లు, తోక ఎముకకు దిండు ఉన్న లోదుస్తు, హెల్మెట్, ఈ నాలుగూ లేకుండా మొదలుపెట్టొద్దు. చేతులు చాచి పడితే మణికట్టు విరుగుతుంది. ముందుకైతే పిడికిలి బిగించి ముంజేతుల మీద, వెనక్కైతే గడ్డం ఛాతీకి అదిమి, చేతులు ముందుకు కట్టుకుని వీపు మీద దొర్లాలి.

అద్దె బోర్డులో వెనక బైండింగ్ కోణం 0 డిగ్రీల మీద ఉంది (ప్లస్ అంటే పాదం బోర్డు ముందు కొన వైపు తిరిగినట్టు, మైనస్ అంటే వెనక కొన వైపు). బోర్డు-2 వెనక మోకాలు సాయంత్రానికి నొప్పి. ముందుది +15, వెనకది -6కి తిప్పాం, మర్నాడు -9. నొప్పి పోయింది. రెండు పాదాల మధ్య ఎడం భుజాల వెడల్పంత, ఆమెకు 50 సెం.మీ.

జారే వరుస:

1. ముందు కాలు మాత్రమే బిగించి చదును మీద తోసుకోవడం.
2. మడమ అంచు మీద, వాలుకి అడ్డంగా, కిందికి చూస్తూ జారడం. చూపు పాదాల మీద కాదు, కింద చెట్ల మీద.
3. అదే అంచు మీద ఎడమకి, కుడికి, రాలే ఆకు ఊగుతూ దిగినట్టు. ఏ వైపు చూపు తిరిగితే ఆ వైపు బోర్డు పోతుంది.
4. ఇదంతా వేళ్ల అంచు మీద, కొండ వైపు ముఖం పెట్టి.
5. ఆ తర్వాతే మలుపు.

నాలుగో మెట్టు దగ్గర జాగ్రత్త. కొండ వైపు చూస్తూ జారుతున్నప్పుడు బోర్డు చదునైతే దిగువన ఉన్న మడమ అంచు మంచులో తగులుకుంటుంది, మనిషి తల వెనక భాగం నేలకు కొట్టుకుంటుంది. స్నోబోర్డులో చెడ్డ దెబ్బ ఇదే. బోర్డు-1కి మూడో రోజు ఇలాగే జరిగింది. హెల్మెట్ ఉంది కాబట్టి గంట కూర్చోబెట్టి గమనించి, ఆ రోజుకి ఆపేశాం. కారణం వాలు మరీ తక్కువ కావడం: 4 డిగ్రీలు. స్కీకి మంచిదైన వాలు బోర్డుకి చెడ్డది, అంచు నిలపడానికి కాస్త ఏటవాలు కావాలి. 7-8 డిగ్రీలకు మార్చాక అంచు తగులుకున్నవి రోజుకి తొమ్మిది నుంచి రెండుకి వచ్చాయి.

దశ 7: మలుపులు (8, 9 రోజులు, 8 గంటలు, మొత్తం 25.5)

సూత్రం చిన్నది: ఎడమకి తిరగాలంటే బరువు కుడి స్కీ మీద. మలుపుకి బయట ఉన్న కాలే మోయాలి. తల ఒప్పుకుంటుంది, ఒళ్లు ఒప్పుకోదు. పడతామనిపించగానే ఒళ్లు కొండ వైపు, అంటే లోపలి కాలి వైపు ఒరుగుతుంది. బరువు లేని బయటి స్కీ జారిపోతుంది.

పనికొచ్చిన అభ్యాసాలు, కుదిరిన వరుసలో:

1. బయటి చేత్తో బయటి మోకాలు తాకుతూ మలుపు.
2. రెండు పోల్స్‌నూ అడ్డంగా అరచేతుల్లో పట్టుకుని, పంక్తిలో నిండు పళ్లెం మోసే మనిషిలా. పళ్లెం ఎప్పుడూ దిగువ వైపే చూడాలి, స్కీలతో పాటు తిరగకూడదు. భుజాలు తిప్పి మలుపు లాగే అలవాటు దీంతో పోతుంది.
3. మలుపు పూర్తి కాగానే లోపలి స్కీ తోకను రెండు అంగుళాలు ఎత్తడం. ఎత్తలేకపోతే బరువు దాని మీదే ఉందన్నమాట.

స్కీ-2 కుడి మలుపు, స్కీ-4 ఎడమ మలుపు కుదరలేదు. ఇక్కడ వాడిన పరీక్ష అందరికీ పనికొస్తుంది: ఎడమ, కుడి స్కీలను మార్చి తొడగండి. తప్పు స్కీతో పాటు రెండో కాలికి మారితే లోపం స్కీది. అదే కాలి దగ్గర ఉండిపోతే బూటుది లేదా మనిషిది.

స్కీ-2 తప్పు మారింది. వేలితో తడిమితే స్కీ అంచు మీద రాయి తగిలిన గరుకు, మూడు సెం.మీ. మేర. డైమండ్ రాయి తడిపి, అంచు పక్కకు సమంగా ఆనించి పదిహేనుసార్లు తోస్తే పోయింది. గోటిని అంచుకి అడ్డంగా గీస్తే పొడి రాలాలి, అప్పుడు పదును ఉన్నట్టు.

స్కీ-4 తప్పు మారలేదు. కుడి బూటు బకిళ్లు ఒక పన్ను బిగించాం, తేడా లేదు. లైనర్ మార్చాం, లేదు. ఒంటికాలి మీద గొంతుక్కూర్చోమంటే కుడి చీలమండ ఎడమదానికంటే బాగా తక్కువ మడుస్తోంది, పాత బెణుకు. రెండో రోజు ఒంటి స్కీ అభ్యాసం వదిలేయనివ్వకుండా ఉంటే ఇది అప్పుడే కనపడేది. మడమ కింద 4 మి.మీ. దళసరి ముక్క పెడితే కొంత మెరుగైంది, పూర్తిగా కాదు.

ఆగడం, 9 డిగ్రీలు: 10, 9, 10, 9. మొత్తం 40కి 38.

దశ 8: గట్టి మంచు (10, 11 రోజులు, 8.5 గంటలు, మొత్తం 34)

ఎండ కాసి, రాత్రి గడ్డకట్టింది. ఉదయం 9:30కి వాలు గాజులా ఉంది. మొదటి అరగంటలో నలుగురూ కలిపి 14 సార్లు పడ్డారు, అంతకుముందు రోజు మొత్తానికి 9. వరుస ప్రకారం బూటు చూశాం, సరే. వాలు డిగ్రీలు అవే, కానీ వాలంటే డిగ్రీలొక్కటే కాదు, ఉపరితలం కూడా. మొదలుపెట్టే సమయం 10:45కి జరిపాం. ఎండ తగిలే తూర్పు ముఖం ముందు, నీడ వాలు ఎప్పటికీ చివర. సాయంత్రం 3:30 తర్వాత మళ్లీ బిగుసుకుంటుంది, అప్పటికి దిగిపోవాలి.

తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది, వెయ్యి మీటర్లకు 10-12 శాతం తీవ్రత పెరుగుతుంది. స్కీ-1 గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున కాలింది. సన్‌స్క్రీన్ నుదుటికే కాదు, కింది నుంచి వెలుగు పడే ప్రతి చోటా రాయాలి.

దశ 9: కొంగ్‌డూరి నుంచి దిగడం (12వ రోజు, 3.5 గంటలు, మొత్తం 37.5)

గండోలా మొదటి దశ, 1998లో మొదలైనది, సుమారు 3,100 మీటర్ల కొంగ్‌డూరికి చేరుస్తుంది. అక్కడి నుంచి చెట్ల మధ్యగా గుల్‌మర్గ్‌కు దిగే దారి నాలుగు వందల మీటర్లకు పైగా దిగుడు. ఎవరు వెళ్లాలో ముందురోజే రాసిపెట్టాం:

1. 12 డిగ్రీల వాలు మీద పదికి పది ఆగడం.
2. రెండు వైపులా కలిపి వరుసగా ఎనిమిది మలుపులు, వేగం పెరగకుండా.
3. పడితే సాయం లేకుండా నిమిషంలో లేవడం.

స్కీ-1, స్కీ-3 దాటారు. స్కీ-2 రెండోది ఐదు దగ్గర ఆగింది, స్కీ-4 మూడు దగ్గర. బతిమాలారు. రాసిపెట్టింది చూపించాం. గండోలా టికెట్ కొన్నాం కదా అని తీసుకెళ్లడమే ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు. పైన ధైర్యం సరిపోకపోతే ఎవరో ఒకరు స్కీలు మోసుకుని గండోలాలో దింపాలి.

దిగడానికి 1 గంట 10 నిమిషాలు, ఏడుసార్లు ఆగి. ఇరుకు చోట, మలుపు చాటున ఆగలేదు, ఎగువ వాళ్లకు కనపడే పక్కనే. ఆఖరి మూడో వంతులో ఇద్దరి తొడలూ వణికి, బరువు మళ్లీ వెనక్కి పోయింది. గోడ కుర్చీ 2 నిమిషాలు దాటినవాళ్లకే ఇలా ఉంటే, దాటనివాళ్ల సంగతి ఊహించుకోవచ్చు.

దశ 10: ఆఖరి కొలతలు (13, 14 రోజులు, 6 గంటలు, మొత్తం 43.5)

12 డిగ్రీల మీద, వేగం పెరగకుండా వరుస మలుపులు: స్కీ-1 14, స్కీ-2 9, స్కీ-3 16, స్కీ-4 6. బోర్డు-1 రెండు అంచుల మలుపులు 8, బోర్డు-2 5. సమాంతర స్కీలతో పూర్తి మలుపు స్కీ-3కి మాత్రమే, అదీ మూడుకొకసారి.

స్కీ-4 చేత ఆఖరి రెండు గంటల్లో మళ్లీ రెండో రోజు పనే చేయించాం: చదును మీద, కుడి కాలికి ఒక్క స్కీ, స్కూటర్ తోసినట్టు, 20 నిమిషాలు చొప్పున మూడు విడతలు. మూడో విడతలో ఒక తోపుకి కుడి కాలి మీద జారిన దూరం 2.1 మీటర్ల నుంచి 3.4కి వచ్చింది. ఎడమ కాలికి అదే 4.6. ఇంటికెళ్లాక రోజూ చేయమన్నది: గోడకు నాలుగు వేళ్ల దూరంలో కుడి పాదం పెట్టి, మడమ ఎత్తకుండా మోకాలితో గోడ తాకడం, 15 సార్లు. తాకగలిగితే పాదాన్ని ఒక వేలు వెనక్కి జరపడం.